పొద్దుకు ఎదురుదిక్కు

చలికాలపు తెల్లవారుజామున నడకకు బయలుదేరినవారి చూపు సహజంగానే తూర్పు మీద ఉంటుంది. విశాఖ సముద్రతీరంలోనైనా, హైదరాబాదు చెరువుగట్ల మీదనైనా పొద్దుపొడుపు వేళకు ముఖాలన్నీ, వాటితోపాటు ఇప్పుడు ఫోన్ కెమెరాలన్నీ ఆ వైపుకే తిరుగుతాయి; వెలుగు వచ్చేచోటే చూడవలసిందంతా ఉంటుందన్న నమ్మకం అంత గట్టిది. తూర్పు అందాన్ని కాదనవలసిన పని లేదు గాని, ధనుర్మాసపు ఆకాశంలో చూడదగినవాటిలో చాలా భాగం దానికి సరిగ్గా అవతలి వైపున, నడిచేవారి వీపు వెనక జరిగిపోతుంది. భూమి తన నీడను ఆకాశం మీద పరిచేది అక్కడే, నిండుచంద్రుడు నిలిచేది అక్కడే, ఆఖరికి తెలుగు నెలలకు పేర్లు వచ్చింది కూడా ఆ దిక్కు నుంచే.

ఆ దిక్కుకు శాస్త్రంలో ఒక కచ్చితమైన గుర్తు ఉంది. సూర్యుడి నుంచి చూసేవారి కంటిదాకా ఒక సరళరేఖను ఊహించి, దాన్ని అదే దారిలో అవతలికి పొడిగిస్తే అది ఏ చోటును చూపుతుందో ఆ చోటును ప్రతిసూర్య బిందువు అంటారు. పగటివేళ అది ఎప్పుడూ క్షితిజానికి, అంటే నేలా నింగీ కలిసినట్టు కనిపించే గీతకు, కిందనే ఉంటుంది గనుక, నేల మీద మనిషి తల నీడ పడినచోటే దాని జాడ. పొద్దు గూకేవేళకు అది తూర్పున పైకి లేచి, రాత్రంతా ఆకాశాన్ని దాటి, తెల్లవారేసరికి పడమట దిగిపోతుంది. అక్కడ స్థిరంగా నిలిచిన చుక్క ఏదీ లేదు, దాన్ని తేలిగ్గా పట్టి చూపే వెలుగూ లేదు. అయినా ఆకాశంలోని ఎన్నో సంగతులు ఆ ఖాళీ చోటునే కేంద్రంగా చేసుకుని నడుస్తాయి.

వాటిలో మొదట చెప్పుకోవలసింది భూఛాయ. ఎండలో ఉన్న ఏ వస్తువుకైనా నీడ ఉన్నట్టే భూమికీ నీడ ఉంది, అది ఎప్పుడూ సూర్యుడికి ఎదురువైపునే పడుతుంది, పొద్దు పొడవడానికి ముందు కొద్దిసేపు ఆ నీడ అంచు పడమటి గాలి పొరల మీద కంటికి కనిపిస్తుంది. విశాఖ తీరంలో జనవరి నెలలో, ఆరు దాటిన పది నిమిషాలకు సముద్రం వైపు వీపు పెట్టి కొండల వైపు చూసేవారికి, కొండల పైన ముదురు నీలం, బూడిద రంగులు కలిసిన పట్టీ ఒకటి, దాని మీద లేత గులాబీ రంగు పట్టీ మరొకటి, క్షితిజం పొడవునా పరుచుకుని కనిపిస్తాయి. కింది పట్టీ మబ్బు కాదు, పొగమంచు కూడా కాదు. ఇంకా ఎండ సోకని గాలి అది. సూర్యుడు తూర్పున పైకి వస్తున్నకొద్దీ ఆ నీలం పట్టీ పడమట అంతకంతా కిందికి జారి, సూర్యబింబపు అంచు సముద్రం మీద తొంగిచూసే సమయానికి కొండల వెనక్కి పూర్తిగా దిగిపోతుంది. ఉదయం అనే మాటకు పడమటి వైపు అర్థం ఇది: రాత్రి నేలలోకి దిగడం.

గులాబీ పట్టీకి పాశ్చాత్యులు శుక్రగ్రహపు దేవత పేరు కలిపి వీనస్ నడికట్టు అని పేరు పెట్టారు. దాని పుట్టుకకు కారణం కాంతి పరిక్షేపణం, అంటే గాలి అణువులకు తగిలిన వెలుగు నలుదిక్కులకూ చెదిరిపోవడం. నీలికాంతి ఎక్కువగా, ఎరుపు తక్కువగా చెదురుతాయి గనుక, క్షితిజానికి ఆనుకుని గాలి గుండా ఎంతో దూరం ప్రయాణించి వచ్చిన సూర్యకాంతిలో నీలం దారిలోనే ఖర్చయిపోయి ఎరుపు మిగులుతుంది. ఆ ఎర్రటి కాంతి పడమటి గాలికి తగిలి చూసేవారి వైపు తిరిగి వచ్చేటప్పుడు, పై ఆకాశపు నీలంతో కలిసి గులాబీ రంగు తేలుతుంది. విశాఖలో బాల్యం గడిపి, పదకొండేళ్ళకే అక్కడ మెట్రిక్యులేషన్ పూర్తిచేసిన సి.వి.రామన్, 1921లో మధ్యధరా సముద్రం మీద ఓడ ప్రయాణంలో, నీటి మీద ప్రతిఫలించే ఆకాశపు వెలుగును ఒక చిన్న పట్టకంతో అడ్డగించి, సముద్రపు నీలం ఆకాశం నుంచి అరువు తెచ్చుకున్నది కాదనీ, నీటి అణువుల పరిక్షేపణం వల్ల దానికి సొంతంగా కలిగినదనీ గ్రహించాడు. విశాఖ తీరంలో నిలబడినవారికి ముందు సముద్రపు నీలం, వెనక కొండల మీది గులాబీ, రెండింటిలోనూ పరిక్షేపణానికి పాత్ర ఉంది.

ఈ దృశ్యం తెలుగునాట ఎక్కువమందికి తెలియకపోవడానికి కారణం ఆసక్తి లేకపోవడం మాత్రమే కాదు. ఉష్ణమండలంలో సూర్యుడు క్షితిజం నుంచి దాదాపు నిటారుగా పైకి వస్తాడు గనుక సంధ్యాసమయం చాలా కురచ. సూర్యుడు క్షితిజానికి ఆరు డిగ్రీల దిగువ నుంచి పైకి వచ్చేదాకా పట్టే కాలాన్ని పౌరసంధ్య అంటారు. హైదరాబాదులో అది సుమారు ఇరవై రెండు నుంచి ఇరవై నాలుగు నిమిషాలే, అందులోనూ భూఛాయ బాగా కనిపించేది పావుగంట లోపే. దీనికి తోడు గడియారం చేసే మోసం ఒకటి ఉంది. సంవత్సరంలో అతి చిన్న పగలు డిసెంబరు 21, 22 తేదీల్లో వస్తుంది కాబట్టి ఆ తర్వాత పొద్దు ముందుగా పొడుస్తుందని అందరూ అనుకుంటారు. కాని హైదరాబాదులో అతి ఆలస్యపు సూర్యోదయం సంక్రాంతి కూడా దాటాక, జనవరి మూడో వారంలో, డిసెంబరు 21 కంటే సుమారు ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా జరుగుతుంది. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి దగ్గరగా వచ్చి వేగంగా కదలడం వల్లనూ, భూమి అక్షం వాలి ఉండడం వల్లనూ మిట్టమధ్యాహ్నమే గడియారంలో రోజురోజుకూ వెనక్కి జరుగుతుంది. పగలు పెరుగుతున్నా ఆ పెరుగుదల అంతా సాయంత్రానికే దక్కుతుంది. ఒకే సమయానికి బయలుదేరే నడక అలవాటున్నవారికి డిసెంబరు కంటే జనవరిలో భూఛాయ చిక్కే అవకాశం ఎక్కువ కావడానికి ఇదే కారణం. నగరాల్లో మాత్రం శీతాకాలపు తెల్లవారుజామున నేల దగ్గరి చల్లగాలి మీద వెచ్చని గాలి మూతలా కూర్చుని పొగనూ దుమ్మునూ కదలనివ్వదు కనుక ఆ పట్టీ అడుగుభాగం మసకబారిపోతుంది. ఆ మేరకు కొండపల్లెలు, సముద్రతీరాలే నయం.

కొండల మీద కనిపించే ఆ నీడ అంచు అక్కడితో ఆగదు. భూమికి అవతల అది సన్నబడుతూ సుమారు 14 లక్షల కిలోమీటర్ల దూరం వెళ్ళి కొసదేరుతుంది, చంద్రుడు సగటున 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాడు గనుక అప్పుడప్పుడు ఆ నీడలో చిక్కుకుంటాడు. చంద్రగ్రహణానికి భూమి నీడే కారణమని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథంలో స్పష్టంగా చెప్పాడు. గ్రహణం రోజున స్నానాలూ పట్టువిడుపు వేళలూ చూసుకునే శ్రద్ధ, మబ్బు లేని ప్రతి ఉదయమూ ఇంటి వెనక దిగే అదే నీడను చూసే దాకా రాకపోవడం కొంచెం వింతగానే ఉంటుంది.

పొద్దు పొడిచాక ప్రతిసూర్య బిందువు నేల మీదికి, మనిషి తల నీడలోకి వచ్చేస్తుంది. గోదావరి డెల్టాలో దాళ్వా నారుమడి గట్టు మీద ఎండ పడిన మొదటి గంటలో నడిచేవారి నీడ పొడుగ్గా పచ్చని నారు మీద పడినప్పుడు, తల నీడ చుట్టూ మాత్రమే, రంగు లేని తెల్లని కాంతి ఒకటి తేలుతుంది. మనిషి కదిలితే అదీ కదులుతుంది, చేతి నీడకు గాని మొండెం నీడకు గాని అది అంటదు. వరి ఆకు నీటిని అంటనివ్వని స్వభావం కలది కాబట్టి దాని మీది మంచుబొట్టు పరుచుకోకుండా గుండ్రంగా నిలుస్తుంది. ఆ బొట్టు కటకంలా పనిచేసి ఎండను వెనకనున్న ఆకు మీద కేంద్రీకరిస్తుంది, ఆకు నుంచి చెదిరిన వెలుగు అదే బొట్టు గుండా వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది. వచ్చిన దారి అంటే సూర్యుడి వైపు దారి. సూర్యుడికీ నారుకూ మధ్య ఆ దారిలో ఉన్నది చూసేవారి కన్ను ఒక్కటే. శాస్త్రజ్ఞులు దీన్ని హైలిగెన్‌షైన్ అనే జర్మన్ పేరుతో వ్యవహరిస్తారు.

ఈ కాంతిలో ఒక తమాషా ఉంది. గట్టు మీద ఇద్దరు పక్కపక్కన నడుస్తున్నా ఎవరికి వారి తల నీడ చుట్టూనే అది కనిపిస్తుంది, పక్కవారి తలకు మాత్రం కనిపించదు. పదహారో శతాబ్దపు ఫ్లారెన్స్ స్వర్ణకారుడూ శిల్పీ అయిన బెన్వెనూటో చెల్లీని, పొద్దున మంచు తడిసిన గడ్డి మీద తన తల నీడ చుట్టూ ఈ వెలుగును గమనించి, దైవం తన మీద చూపిన ప్రత్యేక అనుగ్రహంగా స్వీయచరిత్రలో రాసుకున్నాడు. ఆయన పరిశీలన అక్షరాలా నిజం, మంచు ఉన్నప్పుడు బాగా కనిపిస్తుందన్న వివరం కూడా సరైనదే. తక్కువైంది పక్కవారిని పిలిచి వారికేం కనిపిస్తోందో అడగడం. డచ్చి శాస్త్రజ్ఞుడు మార్సెల్ మినార్ట్ 1937లో, ఆరుబయట కంటితోనే చూడగల వెలుగుల మీద ఒక పుస్తకం వెలువరించాడు. పరికరాలు లేని చూపుకు కూడా క్రమశిక్షణ కావాలన్న పట్టుదల అందులో అడుగడుగునా కనిపిస్తుంది.

మంచు లేని గడ్డి మీద కూడా ఈ కాంతి కొంత ఉంటుంది, దానికి కారణం వేరు. సూర్యుడి వైపు నుంచి చూసినట్టు చూస్తే ప్రతి గడ్డిపోచా తన నీడను తన వెనకనే దాచుకుంటుంది కాబట్టి ఆ ఒక్క దిక్కున నీడలు కనిపించక నేల ఎక్కువ వెలుగుగా తోస్తుంది. చంద్రుడి నేల దుమ్ము కూడా ఇదే పని చేస్తుంది. అర్ధచంద్రుడి వెలుగు పున్నమి వెలుగులో సగం ఉండాలని ఎవరైనా అనుకుంటారు గాని, నిజానికి అది సుమారు పదో వంతే. పున్నమి నాడు సూర్యుడు చూసేవారి వెనక ఉండడంతో చంద్రుడి మీది గుంటలూ రాళ్ళూ రేణువులూ తమ నీడల్ని ఒక్కసారిగా దాచేసుకుంటాయి. మంచు లేని గడ్డి మీద కనిపించే దానికీ పున్నమి వెన్నెలకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉండటం చలికాలపు నడక చూపే చిత్రాల్లో బహుశా అన్నిటికంటే మంచిది.

పొగమంచు దట్టంగా ఉన్న ఉదయాల్లో, వీపు వెనక నుంచి ఎండ దూరినప్పుడు, ఎదుట ఇంద్రధనుస్సు ఆకారంలోనే కాని తెల్లగా ఒక విల్లు కనిపించవచ్చు. పొగమంచు బిందువులు వానచినుకుల కంటే ఎంతో చిన్నవి కావడం వల్ల రంగులు వెడల్పుగా పరుచుకుని ఒకదానిలో ఒకటి కలిసిపోయి తెలుపే మిగులుతుంది. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద లోయనిండా పరుచుకున్న మేఘాల్ని చూడటానికి చలికాలంలో జనం చీకట్లోనే ఎక్కుతారు. అటువంటి చోట సూర్యుడు వెనకా మేఘం ముందూ ఉండేలా నిలబడే వీలు దొరికితే, మేఘం మీది సొంత నీడ తల చుట్టూ చిన్న చిన్న రంగుల వలయాలు ఏర్పడతాయి. విమానంలో నీడ పడే వైపు కిటికీ దగ్గర కూర్చున్నవారికి మేఘాల మీది విమానం నీడ చుట్టూ కనిపించేవీ ఇవే. 1894లో స్కాట్లండులోని బెన్ నెవిస్ శిఖరం మీది వాతావరణ కేంద్రంలో కొన్ని వారాలు పనిచేసిన సి.టి.ఆర్. విల్సన్ ఈ వలయాల్ని చూసి, వాటిని ప్రయోగశాలలో పుట్టించాలన్న కోరికతో గాజుపాత్రలో మేఘాన్ని తయారుచేయడం మొదలుపెట్టాడు. ఆ పని చివరకు పరమాణు కణాల జాడలను కంటికి చూపే మేఘపేటికగా పరిణమించి 1927లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది.

అన్నీ ఎదురుదిక్కువే అనడం సరికాదు. చంద్రుడి చుట్టూ కట్టే వరదగుడిని వెలుగు వైపు తిరిగే చూడాలి. ఎత్తైన పలుచని మబ్బుల్లోని ఆరుపలకల మంచుస్ఫటికాల్లో వెలుగు వంగి, చంద్రుడి నుంచి 22 డిగ్రీల దూరంలో వలయం ఏర్పరుస్తుంది. చాచిన చేతి బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా జానెడు దూరం ఆకాశంలో దాదాపు అంతే కాబట్టి, బొటనవేలిని చంద్రుడి మీద ఆనిస్తే చిటికెనవేలు వలయం మీదికి వస్తుంది.

పున్నమి అంటేనే చంద్రుడు ప్రతిసూర్య బిందువు దగ్గరికి చేరడం. చలికాలంలో సూర్యుడు దక్షిణాన వాలి ఉంటాడు గనుక ఆ బిందువు ఉత్తరానికి జరుగుతుంది, అందువల్ల మార్గశిర, పుష్య పున్నములలో చంద్రుడు వేసవి సూర్యుడు నడిచే దారిన నడిచి, తెలుగునాట నడిరాత్రికి దాదాపు నడినెత్తికి వస్తాడు. మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండలో లాగా ఆ వెన్నెలలో మనిషి నీడ పాదాల దగ్గరికి ముడుచుకుంటుంది. ఆ నిండుచంద్రుడు ఏ నక్షత్రం సమీపంలో ఉంటే ఆ నెలకు ఆ పేరు పెట్టారు పూర్వులు: కృత్తిక దగ్గర ఉంటే కార్తికం, మృగశిర దగ్గర ఉంటే మార్గశిరం, పుష్యమి దగ్గర ఉంటే పుష్యం. రైతులు లెక్కపెట్టే కార్తెలది తిరుగు పద్ధతి. సూర్యుడు ఒక నక్షత్రం చోట గడిపే పదమూడు, పద్నాలుగు రోజుల కాలం కార్తె కాబట్టి దాని పేరు సూర్యుడున్న వైపు నుంచి వస్తుంది. మృగశిర కార్తె జూన్ రెండో వారంలోనూ మార్గశిర మాసం డిసెంబరు ప్రాంతంలోనూ రావడం, ఒకే నక్షత్రం పేరు సంవత్సరానికి రెండు కొసల్లో పలకడం చూసి తికమకపడేవారికి సమాధానం ఇదే: ఒక పేరు పొద్దుండే వైపుది, మరొకటి పొద్దుకు ఎదురువైపుది.

దీని నుంచి ఒక విచిత్రమైన పర్యవసానం వస్తుంది. రోళ్ళు పగిలే ఎండ రోహిణి కార్తెదనీ, నాగళ్ళు కదిలేది మృగశిరలోననీ, ఆరుద్రలో వానలు నిలదొక్కుకోవాలనీ ఊరంతా చెప్పుకునే రోజుల్లో ఆ నక్షత్రాలేవీ ఎవరికీ కనిపించవు. అవి సూర్యుడితో పాటే ఉదయించి, సూర్యుడి వెలుగులో మునిగి, సూర్యుడితో పాటే అస్తమిస్తాయి. పంట గురించి అంతటి మాట చెల్లించుకునే ఆ చుక్కలు కంటికి దొరికేది పంట ఇంటికి చేరే చలికాలంలోనే. డిసెంబరు సాయంత్రం పొద్దుకు వీపు పెట్టి తూర్పు వైపు నడిచేవారికి మొదట పిల్లలకోడి అని పల్లెల్లో పిలిచే కృత్తికల గుంపు, దాని వెనక ఎర్రటి రోహిణి, తర్వాత మృగశిర, దాని దగ్గర సమదూరంలో ఒకే వరుసన నిలిచిన మూడు చుక్కలు, వాటి పక్కన మరో ఎర్రటి చుక్క ఆరుద్ర, వేసవి చివరి నుంచి వానల దాకా నడిచే కార్తెల వరుసలోనే పైకి వస్తాయి. అవే తెల్లవారుజామున, భూఛాయ దిగే అదే పడమటి వైపున, దానికంటే కాస్త ముందుగా కిందికి వాలుతుంటాయి. బయటి గ్రహాలు కూడా ఈ దిక్కుకు వచ్చినప్పుడే రాత్రంతా కనిపిస్తూ మిక్కిలి వెలుగుతాయి. గురుగ్రహం 2024 డిసెంబరు 7న ఒకసారి, 2026 జనవరి 10న మరొకసారి సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చింది.

ఆరుద్ర వెలుగు నిలకడైనది కాదు. వందల కాంతి సంవత్సరాల దూరంలో, అంటే అక్కడి వెలుగు ఇక్కడికి రావడానికి అన్ని సంవత్సరాలు పట్టే దూరంలో ఉన్న ఆ మహానక్షత్రం పాశ్చాత్యులకు బెటెల్‌గ్యూజ్. మామూలుగా రోహిణి కంటే ప్రకాశవంతమైన ఆ చుక్క 2019 చివరి నెలల నుంచి మసకబారుతూ, 2020 ఫిబ్రవరికి సాధారణ వెలుగులో సగానికి బాగా తక్కువకు పడిపోయింది. పరికరం ఏదీ అక్కరలేకుండా, రెండు ఎర్రటి చుక్కలనూ పక్కపక్కన పోల్చిచూసినవారికి ఆరుద్ర రోహిణి కంటే వెనకబడిందని తేలిపోయేది. నక్షత్రం నుంచి వెలువడిన పదార్థం చల్లబడి దుమ్ముగా మారి కాంతిని అడ్డగించిందని తర్వాతి పరిశోధనల్లో నిర్ణయించారు. ఆ వేసవికి వెలుగు మళ్ళీ పుంజుకుంది గాని, ఏటా జరిగినట్టే ఆరుద్ర సూర్యుడి వైపుకు చేరిపోవడంతో భూమి మీది దూరదర్శినులకు దాన్ని చూసే వీలు లేకపోయింది. భూమికి దూరంగా, వేరే కోణం నుంచి సూర్యుడిని గమనించడానికి పంపిన నాసా వారి స్టీరియో నౌకకు మాత్రం ఆ అడ్డంకి లేదు. ఆ ఏటి జూన్ నెలాఖరున, ఇక్కడ ఆరుద్ర కార్తె నడుస్తూ రైతులు వాన కోసం చూస్తున్న రోజుల్లో మొదలుపెట్టి ఆగస్టు మొదటిదాకా అది తీసిన కొలతలలో, ఆరుద్ర అనుకోని విధంగా మరోసారి మసకబారుతున్నట్టు బయటపడింది.